తట్టి తప్పుకునే గుమ్మాలు

పదకొండో గుమ్మం దగ్గర ఫ్రాడెల్‌కు కళ్ళు తిరిగాయి. బుట్ట చెవిని రెండు చేతులా గట్టిగా పట్టుకుని గోడకు ఆనుకుంది.

"ఏంటక్కా, జారిందా?" అంది జిస్లా, బుట్ట రెండో చెవి వదలకుండానే.

"మంచు. కాలు నిలవట్లేదు."

కాలు బాగానే నిలుస్తోంది. నిన్న మధ్యాహ్నం ఉడికించిన బంగాళాదుంప ఒకటి తిన్నాక ఆమె కడుపులో మరేమీ పడలేదు, అదీ సంగతి. కాని ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. పద్దెనిమిదేళ్ళుగా శుక్రవారం శుక్రవారం ఊరంతా తిరిగి రొట్టెలు పోగుచేసి, లేనివాళ్ళ గుమ్మాల్లో పెట్టి వచ్చే మనిషి ఆమె. తన ఇంట్లోనే లేదని ఎవరితో చెప్పుకుంటుంది? పెట్టే చేతికి చాపడం అంత తొందరగా రాదు.

తలుపు తీసింది కసాయి వాడి పెళ్ళాం. జడ అల్లిన రొట్టె ఒకటి తెచ్చి బుట్టలో పడేసింది. చెక్కమీద చెక్క పడ్డట్టు చప్పుడైంది.

"ఏమమ్మోయ్, ఇది పోయిన సబ్బాతుదా, అంతకుముందుదా?" అంది జిస్లా.

"పేదవాళ్ళ పళ్ళు గట్టివిలేవే."

"గట్టివే. పనిలేక తుప్పు పట్టాయి. ఇంకోటిప్పించు తల్లీ, నీ ఇల్లు చల్లగుండ."

కసాయి పెళ్ళాం గొణుక్కుంటూ లోపలికెళ్ళి మెత్తటిది తెచ్చింది. జిస్లా రెండూ ఉంచుకుంది. ఆమె నోటికి జడిసి ఇచ్చేవాళ్ళు ఊళ్ళో సగం మంది. ఫ్రాడెల్ మొహం చూసి ఇచ్చేవాళ్ళు మిగతా సగం.

మా యూదులకు శుక్రవారం పొద్దు గుంకితే సబ్బాతు, వారం వారం వచ్చే విశ్రాంతి పండగ; ఆ పూటకు లేనివాళ్ళ ఇళ్ళకి రొట్టె చేర్చే శుక్రవారం బుట్టకు మా ఊళ్ళో కట్టుబాట్లున్నాయి. బుట్ట ఒక్కరు మొయ్యకూడదు, ఇద్దరుండాలి. ఒకరిమీద ఇంకొకరి కన్నుంటే ఊరికి అనుమానం రాదు. పోగుచేసేటప్పుడు ఎవరికోసమో చెప్పకూడదు. ఇచ్చేటప్పుడు ఎవరు పంపారో చెప్పకూడదు. గుమ్మంలో రెండు రొట్టెలు పెట్టి, మూడుసార్లు తలుపు తట్టి, తలుపు తెరుచుకునేలోగా తప్పుకోవాలి. లోపలి మనిషి కూడా కళ్ళు పైకెత్తి వీధిలోకి చూడకూడదు. ఒకరి మొహం ఒకరికి తెలియకపోతే సిగ్గుండదని పెద్దలు పెట్టిన పద్ధతి అది. చివరి గుమ్మం అయ్యాక ఇద్దరూ బుట్ట బోర్లించి, గుడ్డ దులిపి, రొట్టె పొడి పిచ్చుకలకు వేసి ఇళ్ళకు పోతారు. ఆ పొడిలోంచి ఒక్క పలుకు నోట్లో వేసుకోవడం కూడా తప్పే. ఫ్రాడెల్ పద్దెనిమిదేళ్ళలో వేసుకోలేదు.

ఇవాళ మాత్రం బుట్టలోంచి వచ్చే వాసన ఆమె తల దిమ్మెక్కిస్తోంది.

ఆమె మొగుడు బేరిష్ పందివెంట్రుకలు దువ్వే పనివాడు. తినకూడదని మనం ఆమడ దూరం పెట్టే జంతువు వెంట్రుకలతోనే మా ఊరు బతుకుతోంది, ఏం చేస్తాం. పల్లెల నుంచి బస్తాల్లో వచ్చిన మురికి వెంట్రుకల్ని ఇనప పళ్ళమీద దువ్వి, పొడవులవారీగా కట్టలు కట్టాలి. అవి జర్మనీ పోయి బ్రష్షులవుతాయి. కల్మన్ గారి కార్ఖానాలో పద్దెనిమిది మంది దువ్వుతారు. వెంట్రుక తేలిక కదా, గాలికి ఎగిరిపోతుందని కిటికీలన్నిటికీ మేకులు కొట్టించారాయన. కాబట్టి దుమ్మంతా లోపలే ఉంటుంది, ఆ దుమ్ము పోవడానికి మనుషుల ఊపిరితిత్తులు తప్ప దారి లేదు. తెల్లారక ముందు మొదలుపెట్టి దీపాలు పెట్టిన చాలాసేపటి దాకా దువ్వితే వారానికి మూడు రూబుళ్ళు. మొన్న శరత్కాలంలో సరుకు ధర పడిందని అందులో అర రూబుల్ కోశారు. అదే నెలలో ప్రార్థన మందిరానికి కల్మన్ గారు ఇత్తడి దీపవృక్షం ఇచ్చారు. పదహారు కొమ్మలది. అది వెలిగించిన రోజు పనివాళ్ళంతా తల పైకెత్తి చూసి, బాగుందన్నారు. నిజంగానే బాగుంది మరి.

బేరిష్ మంచంపట్టి మూడు వారాలైంది. రక్తం పడుతోంది. పని లేనివాడికి జీతం లేదు. వైద్యుడు వచ్చి చెవి ఆనించి విని, నలభై కోపెక్కులు, అంటే అర రూబుల్‌కి కాస్త తక్కువ, పుచ్చుకుని, "పాలు తాగించు, వెచ్చగా ఉంచు" అని చెప్పి పోయాడు. పాలకి వెండి గిన్నె పోయింది. కట్టెలకి ఆమె పెళ్ళినాటి దుప్పటి పోయింది. ఇక పోవడానికి ఇంట్లో ఆ మనిషి తప్ప ఏమీ లేదు.

ఎవరైనా అడిగి ఉంటే చెప్పేదేమో. ఎవరూ అడగలేదు. నిండు బుట్ట మోసుకు తిరిగే మనిషి ఆకలితో ఉంటుందని ఎవరికి తోస్తుంది? పక్కింటి జిస్లాకే తోచలేదు. బేరిష్‌కి కాస్త జలుబు చేసిందనే అనుకుంటోంది పిచ్చిది.

పోగుచేసేటప్పుడు ఎప్పుడూ చివరికి వెళ్ళేది కల్మన్ గారింటికే. ఎక్కువ ఇచ్చేది ఆయనే, ఏయే గుమ్మాలకు ఇవ్వాలో చెప్పేదీ ఆయనే. ఊరి ధర్మనిధికి పెద్ద మరి. చీటీ రాయరు, రాస్తే ఎవరి కంటైనా పడుతుందని. నోటితో చెబుతారు, వీళ్ళు గుర్తుపెట్టుకుంటారు.

వంటింటి గుమ్మం దగ్గర పన్నెండు రొట్టెలు, గుడ్డలో చుట్టిన చేప ముక్కలు సిద్ధంగా ఉన్నాయి. కల్మన్ గారు పొయ్యి దగ్గర వీపు కాచుకుంటూ నిలబడి ఉన్నారు. చెడ్డమనిషి కాదు. పేదవాళ్ళ కబురు వింటే ఆయనకు నిజంగానే కళ్ళు చెమ్మగిల్లుతాయి. అది నటన అని చెబితే నేను అబద్ధం చెప్పినట్టే.

"సున్నం బట్టీ వెనక ముసలామెకు మెత్తటివి ఇవ్వండమ్మా, ఆమెకు పళ్ళు లేవు. చెప్పులు కుట్టేవాడి అనాథలకు చేప ఒక ముక్క ఎక్కువ వెయ్యండి." ఒక్కొక్క గుమ్మమే చెప్పుకుంటూ వచ్చి, చివర్లో గొంతు తగ్గించారు. "ఈ వారం కొత్తది ఒకటుంది. తోళ్ళ సందు చివరిల్లు. మా కార్ఖానాలో దువ్వేవాడు, బేరిష్ అని. మూడు వారాలుగా రావట్లేదని గుమాస్తా చెప్పాడు. పాపం ఏం తింటున్నాడో ఏమో. రెండు రొట్టెలు, చేప పెట్టండి. నేను పంపానని మాత్రం తెలియనివ్వకండి. అభిమానం గల మనిషట."

జిస్లా నోరు తెరిచింది. ఫ్రాడెల్ బుట్ట కింద నుంచి ఆమె చెయ్యి గట్టిగా నొక్కింది.

"అలాగే అయ్యగారూ" అంది ఫ్రాడెల్.

పద్దెనిమిదేళ్ళుగా ఆ పొయ్యి దగ్గర ప్రతి శుక్రవారం నిలబడిన ఆడమనిషి ఎవరి పెళ్ళామో ఆయనకు తెలియదు. ఇరవై రెండేళ్ళుగా తన దగ్గర దువ్విన మనిషి ఎవరి మొగుడో తెలియదు. ఆమె వంటింటి వైపు వస్తుంది, అతను కార్ఖానా వెనక తలుపులోంచి పోతాడు. మొహం చూడకూడదన్న నియమం పుట్టింది లేనివాడి సిగ్గు కాపాడటానికి. కల్మన్ గారి దగ్గరికి వచ్చేసరికి అది ఇంకెవరి సిగ్గునో కాపాడుతోంది.

వీధి మలుపు తిరిగేదాకా జిస్లా ఆగింది.

"బేరిష్ అంటే మన బావేనా?"

"తోళ్ళ సందు చివర ఇంకో బేరిష్ ఉన్నాడా?"

"మూడు వారాలా? జలుబన్నావు కదక్కా. ఇంట్లో ఏమీ లేదా?"

ఫ్రాడెల్ బుట్ట చెవి ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకుంది.

"గోడకి ఇవతల నేనున్నాను కదా. నాకెందుకు చెప్పలేదు? నేను చచ్చాననుకున్నావా?"

"చెబితే ఏం చేసేదానివి? నీ ఇంట్లో అయిదు నోళ్ళు. ఆ అయిదింటిలోంచీ తీసి నాకు పెట్టేదానివి. అందుకే చెప్పలేదు."

జిస్లా శాలువా అంచుతో ముక్కు తుడుచుకుంది. అటూ ఇటూ చూసి, బుట్టమీది గుడ్డ కొంచెం ఎత్తింది.

"ఇదిగో, రెండు తీసి నీ శాలువాలో పెట్టుకో. చేప కూడా. నేనటు తిరుగుతాను."

"నువ్వు అటు తిరగకూడదనే కదే ఇద్దరం వస్తున్నది."

"ఆయన చెప్పిన గుమ్మమే కదక్కా. దొంగతనమా ఇదేమన్నా?"

"గుమ్మంలో పెట్టమన్నారు. గుమ్మంలోనే పెడదాం."

మొండిది ఫ్రాడెల్. ఆ మొండితనం చూస్తే నాకు కోపమొస్తుంది, కాని ఆమెకు మిగిలింది అదొక్కటే. తన పేరు చెప్పగానే ఊళ్ళో అందరూ తల ఊపేది ఆ బుట్ట వల్లనే. అది కూడా పోగొట్టుకుని ఇంట్లోకెళ్ళి మొగుడి మొహం ఎలా చూస్తుంది?

మిగతా గుమ్మాలన్నీ అయ్యేసరికి పొద్దు వాలుతోంది. చలికాలంలో మధ్యాహ్నం మూడు దాటితే చీకటి తొందరపడుతుంది. తోళ్ళ సందు చివర జిస్లా రెండు రొట్టెలు, చేప పొట్లం గడపమీద పెట్టింది. గుడ్డ సర్దింది. ఫ్రాడెల్ ఎదురింటి కట్టెల గుట్ట వెనక నిలబడింది. జిస్లా మూడుసార్లు తట్టి పరిగెత్తుకొచ్చి ఆమె పక్కన నక్కింది.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. పెళ్ళాం పాత శాలువా కప్పుకుని బేరిష్ వచ్చాడు. కిందకి చూశాడు. వంగబోయి, వంగలేక, గడపమీదే కూర్చున్నాడు. దగ్గు తగ్గేదాకా రొట్టెల్ని ముట్టుకోలేదు. తర్వాత, కళ్ళు ఎత్తకుండానే, వీధికి వినబడేలా అన్నాడు:

"ఎవరో గాని తప్పు గుమ్మానికి వచ్చారు. ఇది బుట్ట ఫ్రాడెల్ ఇల్లు."

శాలువా మెడ చుట్టూ బిగించుకున్నాడు.

"తీసుకుపొండి. ఎదురుచూసేవాళ్ళు ఎవరో ఉంటారు" అన్నాడు మళ్ళీ.

కట్టెల గుట్ట వెనక జిస్లా శాలువా అంచు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ఫ్రాడెల్ ఏడవలేదు. గడపమీద మొగుడికి చలి కొడుతోందని మాత్రం అనుకుంది. ఇంకాసేపు అలాగే కూర్చుని, ఎవరూ రారని తెలిశాక, బేరిష్ రొట్టెల్ని ఒక్కొక్కటే ఒళ్ళోకి తీసుకున్నాడు. మంచు దులిపి ముద్దు పెట్టుకుని, చేప పొట్లంతో సహా లోపలికెళ్ళాడు.

ఫ్రాడెల్ సందు చుట్టి తిరిగొచ్చి ఇంట్లో అడుగుపెట్టేసరికి బల్లమీద గుడ్డ పరిచి ఉంది. రొట్టెలు దానిమీద ఉన్నాయి, పైన రుమాలు కప్పి ఉంది.

"వచ్చావా? ఇవాళ మనకి పండగే" అన్నాడు బేరిష్. మొహంలో లేని హుషారంతా గొంతులో తెచ్చుకున్నాడు. "కల్మన్ గారి గుమాస్తా వచ్చాడే. మూడు వారాల జీతం పంపారట. పక్క సందు కుర్రదాన్ని పిలిచి రొట్టె, చేప తెప్పించాను. మిగతాది పాల వాళ్ళకి కట్టేశాను."

బేరిష్ అబద్ధం ఆడగా ఆమె ఎప్పుడూ వినలేదు. అలవాటు లేని పని కాబట్టి చెవులు ఎర్రబడ్డాయి.

"మంచి పని చేశావయ్యా" అంది ఫ్రాడెల్.

ఆమె కొవ్వొత్తి ముక్కలు రెండు వెలిగించి, అరచేతులతో కళ్ళు మూసుకుంది. దీవెన చదివాక కూడా చాలాసేపు చేతులు తియ్యలేదు. కళ్ళు మూసుకోవాలని నియమం ఉన్నందుకు ఆ పూట దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

సబ్బాతు బల్లమీద రెండు రొట్టెలుండాలి. బేరిష్ ఒకదాన్ని తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇది పక్కన పెట్టు. రేపు పొద్దు గుంకాక ఎవరికైనా ఇచ్చిరా. మనకొకటి చాలు."

"రెండుండాలి కదయ్యా."

"దానం పుచ్చుకునేవాడు కూడా దానం చెయ్యాలని ఉంది. అలాంటిది జీతం తీసుకున్నవాడిని, నేను చెయ్యకపోతే ఎలా?" అని నవ్వబోయి దగ్గాడు. దగ్గు ఆగాక రొట్టె తుంచి ఉప్పులో అద్ది ఆమెకిచ్చాడు. "చిన్నప్పుడు పంతులు చెప్పేవాడు, దానానికి ఎనిమిది మెట్లున్నాయని. సణుగుతూ ఇవ్వడం అన్నిటికన్నా కిందిది. ఎవరిచ్చారో ఎవరు తీసుకున్నారో తెలియకుండా ఇవ్వడం చాలా పైది. కాని అదీ చివరిది కాదట. మనిషి చెయ్యి చాపే అవసరమే రాకుండా పనిచ్చి నిలబెట్టడం, అదీ చివరి మెట్టు. ఇవాళ కల్మన్ గారు ఆ మెట్టెక్కారే. పోనీలే, మంచి మనిషి. కిటికీల మేకులు కూడా పీకిస్తే బాగుణ్ణు. అది మాత్రం గుమాస్తాతో చెప్పడం మర్చిపోయాను."

ఫ్రాడెల్ రొట్టె నమిలింది. మెత్తగా, తియ్యగా ఉంది. మింగుడు పడటానికి ఆమె నీళ్ళు తాగాల్సి వచ్చింది.

తరువాతి బుధవారం పొద్దున్నే బేరిష్ చనిపోయాడు. పక్కన పెట్టిన రెండో రొట్టె జిస్లా పిల్లలు అంతకుముందే తిన్నారు.

మాలో శవాన్ని ఇంట్లో ఉంచరు. మధ్యాహ్నానికే అంత్యక్రియల సంఘం వాళ్ళు కడిగి, తెల్లబట్ట చుట్టి, పాడెమీద పెట్టారు. దువ్వేవాళ్ళు నలుగురు భుజం పట్టారు. మందిరం బంట్రోతు ఓజర్ తగరపు డబ్బా పట్టుకుని ముందు నడిచాడు. పేదవాడు పోయినా, కలవాడు పోయినా ఆ డబ్బా నడవాల్సిందే. నాలుగడుగులకోసారి గలగలలాడిస్తూ, "దానం చావును తప్పిస్తుంది" అని ఓజర్ అరుస్తాడు. నడిచేవాళ్ళు కోపెక్కో రెండో వేస్తారు. పోయినవాడి పేరున పుణ్యం, బతికున్న పేదలకు నిధి. నేను పుట్టినప్పటి నుంచీ వింటున్నాను ఆ అరుపు. అప్పటికే ఆలస్యమైందని ఎవరూ అనగా వినలేదు.

ఆడవాళ్ళు పాడె వెనక నడుస్తున్నారు. అయినవాళ్ళు పోతే చేసే ఆచారం ప్రకారం ఫ్రాడెల్ గుండెల దగ్గర చొక్కా అంచు చింపుకుని ఉంది. జిస్లా ఆమె మోచెయ్యి పట్టుకుంది. కార్ఖానా ముందుకు రాగానే కల్మన్ గారు బయటికి వచ్చారు. పేదవాళ్ళ శవం వెంట నాలుగడుగులు నడవందే ఆయన మనసు ఊరుకోదు. చేతి తొడుగు తీసి జేబులోంచి వెండి రూబుల్ ఒకటి తీశారు. ఓజర్ పెద్ద డబ్బుకు తగినట్టు డబ్బా గట్టిగా ఆడిస్తూ వెనక్కి వచ్చాడు. అప్పుడు ఆయనకు ఫ్రాడెల్ కనబడింది.

"నువ్వు బుట్ట మనిషివి కదమ్మా? ఇక్కడున్నావేం?" అన్నారు. చిరిగిన అంచు మీద ఆయన చూపు పడింది.

"పోయింది ఈవిడ మనిషే అయ్యగారూ. బేరిష్ ఈవిడ మొగుడు" అన్నాడు ఓజర్ నేలచూపులు చూస్తూ.

కల్మన్ గారు ఓజర్ మీంచి ఫ్రాడెల్ వైపు తిరిగారు. అంటే ఆ శుక్రవారం... ఆయనకు అంతా ఒక్కసారిగా గుర్తొచ్చింది. పొయ్యి, రొట్టెలు, 'అలాగే అయ్యగారూ' అన్న మాట.

"నాకు తెలియదమ్మా. నా పిల్లలమీద ఒట్టు, తెలియదు."

"నాకు తెలుసండీ, మీకు తెలియదని" అంది ఫ్రాడెల్.

ఆయన దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "ఇకనుంచీ ప్రతి శుక్రవారం నీ గుమ్మానికి రెండు రొట్టెలొస్తాయి. చేప, బండెడు కట్టెలు. ఎవరికీ తెలియదు. నువ్వు బుట్ట మోస్తూనే ఉండొచ్చు." చెప్పి, రూబుల్‌ని డబ్బా కంతలో వెయ్యబోయారు.

ఫ్రాడెల్ అరచెయ్యి తెచ్చి కంతమీద మూసింది.

డబ్బా మోత ఆగిపోయింది. ఆ మోతకు అలవాటుపడ్డ కాళ్ళు కూడా ఆగిపోయాయి. ముందున్న పాడె ఆగింది.

"చెయ్యి తియ్యమ్మా. పోయినవాడి పేరున వేసేదాన్ని అడ్డుకోకూడదు" అన్నాడు ఓజర్ మెల్లగా.

"మా ఆయన జన్మలో అబద్ధం ఆడి ఎరగడు అయ్యగారూ" అంది ఫ్రాడెల్, కల్మన్ గారితోనే. ఆమె గొంతు పెద్దది కాలేదు, కాని తగ్గించనూ లేదు. వెనక నిలబడ్డవాళ్ళకు కూడా వినబడింది. "చివరి సబ్బాతునాడు మీ గురించి ఒకటి ఆడాడు. మీరు మూడు వారాల జీతం పంపారని. మీరు పెట్టించిన రొట్టెలు ఆ జీతంతో కొన్నానన్నాడు. మిమ్మల్ని మంచి మనిషన్నాడు. నేను కాదనలేదు."

"అమ్మా..."

"ఎవరికీ తెలియకుండా వద్దండీ. నాకు రొట్టెలొద్దు. ఆ కిటికీల మేకులు పీకించండి. కోసిన అర రూబుల్ వీళ్ళకి తిరిగి ఇప్పించండి. ఊరందరికీ తెలిసేటట్టు ఇవ్వండి. అప్పుడు చెయ్యి తీస్తాను."

"ఇక్కడా ఈ మాటలు? శవం ఆగకూడదు. పొద్దు పోతోంది" అన్నారు కల్మన్ గారు. ఆయన చెయ్యి ఇంకా చాచే ఉంది. రెండు వేళ్ళ మధ్య రూబుల్ ఉంది.

"ఆగకూడదు. నిజమే" అంది ఫ్రాడెల్.

జిస్లా ఆమె మోచెయ్యి వదిలేసింది. బుట్ట రెండో చెవి పట్టుకున్నట్టే డబ్బా రెండో వైపు తన చెయ్యి వేసింది. ఓజర్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. డబ్బా లాక్కోలేదు.

తగరం చలికి ఫ్రాడెల్ అరచెయ్యి మంటపుడుతోంది. కార్ఖానా కిటికీల వెనక, మూసిన అద్దాలకు మొహాలు ఆనించి పనివాళ్ళు చూస్తున్నారు. పాడె మోస్తున్న నలుగురిలో ఒకడు దగ్గాడు. అది ఆగేలోగా రెండోవాడు అందుకున్నాడు. కల్మన్ గారు ఆ దగ్గు వైపు తల తిప్పి, మొట్టమొదటిసారిగా వాళ్ళ మొహాలు చూశారు.

ఫ్రాడెల్ చెయ్యి తియ్యలేదు.